అరచేతి పరీక్ష

సరస్సు ఒడ్డున మేస్త్రిగారి షెడ్డులోంచి ఏ పడవ బయటికి పోవాలన్నా ఆయన అరచెయ్యి ఒప్పుకోవాలి. చెవుల్లో దూది కుక్కుకుని, కళ్లు మూసుకుని, పరిగెత్తే పడవలో ఇంజను పెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చుంటాడు. "చెవి అబద్ధాలాడుతుంది, కన్ను మురిసిపోతుంది, చెయ్యి ఒక్కటే నిజం చెబుతుంది" అంటాడు. చివరికి "ఊ" అంటే పడవ బాగైనట్టు. అనకపోతే దేవుడు దిగొచ్చినా మళ్లీ విప్పాల్సిందే.

ఆ షెడ్డులో ఆరేళ్లుగా గ్రీజులో మునిగి తేలుతున్నది ఆయన కోడలు. కొడుకు ఎక్కడో పెద్ద ఓడ మీద వంటవాడు, పానాకీ గరిటెకీ తేడా తెలియని అమాయకుడు. పని నేర్చుకున్నది ఈవిడే. రెండేళ్ల కిందట మామగారు నోరు జారి ఒక మాటన్నాడు: "ఏదైనా ఒక పడవ నువ్వే విప్పి, నువ్వే బిగించి, నా చేత ఊ అనిపించు. ఆ రోజు నుంచి షెడ్డు నీది." ఆ మాట ఆయన మరిచిపోయినా ఆవిడ మరిచిపోతుందా!

ఇన్నాళ్లకు అలాంటి పడవ దొరికింది. తాడు పట్టుకున్న మనిషిని నీళ్ల మీద లాక్కుపోయే స్కీ పడవ, స్కీ నేర్పే టీచరమ్మది. నీళ్లలో మునిగిన మొద్దుకు కొట్టుకున్న దగ్గర్నుంచి పళ్లు కదిలిపోయేలా అదురుతోందని తెచ్చింది. కోడలు మామగారిని స్టూలు దిగనివ్వలేదు. వంగిన ప్రొపెల్లర్ తీసి కొత్తది వేసింది. ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు చుట్టూ అరిగిపోయిన బుష్ మార్చింది. షాఫ్టు తిప్పి వంపు లేదని చూసుకుంది. పడవను నీళ్లలోకి దింపాకే ఇంజనునూ షాఫ్టునూ ఒక వరసకు తెచ్చింది, ఎందుకంటే ఒడ్డున ట్రైలరు మీద సరిపోయింది నీళ్లలో సరిపోదు. ఆ రెండూ కలిసే కప్లింగు సందులో కాగితమంత పల్చటి కొలత రేకు, గేజి, నాలుగు వైపులా ఒకేలా పట్టింది.

మొదటి పరీక్షకు మామగారు "అదురుతోంది" అన్నాడు. మళ్లీ విప్పి బిగించింది. రెండో పరీక్షకూ అదే మాట. టీచరమ్మ నవ్వుతూ, "నాకైతే బ్రహ్మాండంగా ఉంది మేస్త్రిగారూ" అన్నా ఆయన వినలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఇవాళ అలలున్నాయి మామయ్యా" అంది కోడలు పళ్లు కొరుకుతూ.

"ఆడలేక మద్దెల ఓడందిట! అలకీ అదురుకీ తేడా నాకు తెలియదూ?"

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఈయన బతికుండగా ఊ అనడు, నన్ను మేస్త్రిని కానివ్వడు, ముసలాడికి కుళ్లు అని మనసులో కడిగి పారేసింది. కడుపుమంట అలాంటిది మరి, తప్పు పట్టకండి.

మూడో పరీక్షలో పడవ జోరుగా పోతుండగా గాలికి టీచరమ్మ టోపీ ఎగిరి నీళ్లలో పడింది. ఆవిడ వేగం తగ్గించి, పడవను మెల్లగా వెనక్కి తిప్పి, టోపీ దగ్గర ఇంజను ఆపేసి చెయ్యి చాచింది. వేగం తగ్గడం తప్ప మామగారికి ఇవేవీ తెలియవు. దూది, మూసిన కళ్లు, పెట్టె మీద చెయ్యి.

"మెల్లగా పోనిచ్చినా అదురుతోంది!" అని అరిచాడు.

టీచరమ్మ దూదిలోంచి కూడా వినపడేలా ఫక్కున నవ్వింది.

"నవ్వకండి! ఇప్పుడింకా ఎక్కువైంది!"

కోడలు ఆయన చేతి వంక చూసింది. ఆగిపోయిన ఇంజను మీద అయిదు వేళ్లూ సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. ముందు ఆమెకు వచ్చింది సంతోషమే. గెలిచాననుకుంది. మరుక్షణం ఆ సంతోషానికే సిగ్గుపడి తల దించుకుంది. టీచరమ్మ నవ్వు కూడా సగంలో ఆగింది.

ఆ నవ్వు ఆగేసరికి ఆయన కళ్లు తెరిచాడు. తడి టోపీని చూశాడు. ఆపేసి ఉన్న ఇంజను తాళం వంక చూశాడు. నెమ్మదిగా దూది తీశాడు.

"ఎప్పుడాపారు?"

"ఇప్పుడే మామయ్యా. ఒక్క నిమిషం అయింది" అంది కోడలు.

ఆయన చెయ్యి ఒళ్లోకి లాక్కుని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. "స్క్రూ తిప్పేటప్పుడు తెలుస్తూనే ఉందమ్మా, నెలల బట్టీ. చలికేమోలే అని సర్దిచెప్పుకున్నా."

"మాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే? చెయ్యి పనికిరాని మేస్త్రి ఇంక దేనికి? భయమేసింది." అంతలోనే విసుక్కున్నాడు. "సరే, చూస్తావేం? నీ చెయ్యి పెట్టు."

ఆరేళ్లలో ఆమె ఏ ఇంజను పెట్టె మీదా పరీక్షకని ఒక్కసారీ చెయ్యి పెట్టలేదు. అది మామగారి సొత్తనుకునేది. ఇప్పుడు కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించింది. పడవ పరుగందుకుంది. అంతా నున్నగా, హాయిగా ఉంది. కానీ ఆ హాయి అడుగున ఏదో ఒకటి, షాఫ్టు తిరిగినప్పుడల్లా తట్టి వెళుతోంది. చీమ కుట్టినంత.

టీచరమ్మకు తెలియదు. మామగారికి ఇక తెలిసే దారి లేదు. ఊ అంటే చాలు, షెడ్డు ఆమెది. ఆ "ఊ" గొంతుదాకా వచ్చింది కూడా.

"అదురుతోంది మామయ్యా" అంది. ఏడుపొచ్చినంత పనైంది.

ముసలాయన ముందుకు వంగాడు. "ఎక్కడ?"

"వెనక. తిరిగిన ప్రతిసారీ ఒకటి."

"ప్రొపెల్లర్ కొత్తదన్నావు. దాంతో ఇంకేం మార్చావు?"

"కీ..." అని నాలిక కరుచుకుంది. షాఫ్టు మీద ప్రొపెల్లర్ తిరిగిపోకుండా గాడిలో పెట్టే ఇనుప ముక్కే కీ. పాతది నలిగిందని కొత్తది పెట్టింది, ఎత్తు మాత్రం చూడలేదు.

పడవను గట్టుకు లాగారు. ప్రొపెల్లర్ ఊడదీసి, కీ లేకుండా షాఫ్టు మీదికి తోసి, ఆగినచోట పెన్సిలుతో గీత గీసింది. కీ పెట్టి మళ్లీ తోసింది. గీతకు గోరుమందం ఇవతలే ఆగిపోయింది. మూడుసార్లు పడవంతా విప్పిన మనిషి చూడాల్సిన ఆ కాస్తా వదిలేసింది! తనను తానే తిట్టుకుంటూ ఆకురాయితో కీ తలను అరగదీసింది. ఈసారి ప్రొపెల్లర్ గీతదాకా వెళ్లి బుద్ధిగా కూర్చుంది.

సాయంత్రం నాలుగోసారి బయల్దేరారు. మామగారు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వెనకసీట్లో కూర్చున్నాడు. పడవ సరస్సు మధ్యకు వచ్చాక టీచరమ్మ అలవాటు కొద్దీ ఆయన వైపే తిరిగి, "ఎలా ఉంది మేస్త్రిగారూ?" అంది.

"నన్నెందుకమ్మా అడుగుతావు? నాకు ఒడ్డున కట్టేసిన పడవ కూడా అదురుతుంది. అదుగో, మేస్త్రి అక్కడుంది, ఆవిణ్ణడుగు."

టీచరమ్మ కోడలి వైపు తిరిగింది. ఆమె పెట్టె మీద ఆనించిన అరచెయ్యి తియ్యకుండానే, కళ్లు తెరవకుండానే, "ఊ" అంది.