ఎందుకు నేర్చుకుంటున్నావు?

భర్త పోయాక, ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నిదానంగా రాస్తాను. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకోండి.

ఇస్త్రీ ఆయన దుప్పటి అంచులు కలిపి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టెను బరువుగా తోశాడు. ఆవిరి ముఖాన కొట్టింది. పెదవులు మాత్రం ఆగలేదు. "గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్, మే ఐ హెల్ప్ యూ" అని మడతకొకసారి అనుకుంటున్నాడు. హోటల్లో ఇరవై రెండేళ్లుగా అదే నేలమాళిగ. కుడి ముంజేతి మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి.

"దుప్పట్లేమన్నా బదులు చెబుతున్నాయా అన్నా?" తుడుపుకర్రకు ఆనుకుని నవ్వింది నేల తుడిచే ఆమె.

"నీకంటే నయంలే. నువ్వు క్లాసులో గురక పెడతావు."

"మరి? ఫ్యాను అక్కడే గదా ఉంది!"

పనివాళ్లకు రోజూ మూడింటికి హోటలువాళ్లే ఇంగ్లీషు క్లాసు పెట్టించారు. బాగా నేర్చిన ఒకరికి పైన, గుమ్మం దగ్గర వచ్చేవాళ్లను పలకరించే పని ఇస్తామన్నారు. నాలుగు నెలల్లో ఒక్కరోజూ మాననివాడు ఇతనొక్కడే.

ముందు వారం మాస్టారు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పు. పేరు రాయను, ఎవరికీ చూపించను" అన్నాడు.

ఇతను నమ్మాడు. "ఇక్కణ్ణుంచి బయటపడదామనండి. ఏదైనా పెద్ద దుకాణంలో, కిటికీ ఉన్నచోట, మనుషులతో మాట్లాడే పని చూసుకుందామని." ఇంట్లో భార్యకు కూడా చెప్పని మాట అది.

ఆరోజు ఇస్త్రీకి మాస్టారి కోటు వచ్చింది. ఒక చేయి పూర్తయ్యేసరికి మేనేజరు పిలిపించాడు. కాగితం తీసి, పేరుతో సహా, ఆ మాటలన్నీ పైకి చదివాడు.

"పోయేవాడికి మేమెందుకయ్యా నేర్పించాలి? రేపట్నుంచి క్లాసుకు రావద్దు. గుమ్మం దగ్గరికి ఆ నేల తుడిచే ఆమెను పంపుతున్నాం. హోటలు కోసమే నేర్చుకుంటున్నానంది."

ఇస్త్రీ ఆయన పక్క కుర్చీలోని మాస్టారి వైపు తిరిగాడు. "పేరు రాయనన్నారు కదండీ."

"రిపోర్టు అడిగారయ్యా" అన్నాడు మాస్టారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

మెట్ల మీద నేల తుడిచే ఆమె ఎదురైంది. తల ఎత్తలేదు.

"నోటికొచ్చిందేదో చెప్పానన్నా, వాళ్లకు నచ్చేమాట. నువ్వూ అదే చెప్పుంటే పోయేది గదా!"

అతను ఆమెను దాటుకుపోయాడు. కిందికెళ్లి ప్లగ్గు పీకి, చొక్కా మార్చుకుని, వెనక గుమ్మం గుండా వెళ్లిపోయాడు. ఇక రాలేదు.

సాయంత్రం మాస్టారే కోటు కోసం కిందికి దిగాడు. అది బల్ల మీద పరిచినట్టే ఉంది, ఒక చేయి నున్నగా, రెండోది ముడతలు ముడతలుగా.

— ఆ నేల తుడిచినదాన్ని నేనే. అరవై ఆరేళ్లు. ఇప్పుడు చిన్నకూతురి దగ్గర, మేడ మీద గదిలో ఉంటున్నాను.