అమ్మ ఓడిపోవాలి

గురువారం పోలింగ్ మొదలయ్యేలోపు చేయవలసిన పనులు ఇవి. మా ముందుగది కిటికీకి అంటించిన పోస్టర్ తీసేయాలి. ఎవరైనా అడిగితే జిగురు ఆగలేదని చెప్పాలి. ఎదురింటి విన్నీ తన గులాబీ మొక్కల మధ్య పాతిన బోర్డు ఎలాగోలా పీకించాలి. ఈతకొలను కోసం పోరాడుతున్న సంఘం వాళ్లను కలిసి, వాళ్ల కరపత్రంలో అమ్మ పేరు వేయొద్దని బతిమాలాలి. అమ్మ ఫొటో ఉన్న కరపత్రాలు పంచకుండా మిగిలినవి మెట్ల కింద అరలోకి తోసేయాలి. బడి గేటు దగ్గర తల్లులు పలకరిస్తే అమ్మ మొహం ముడుచుకుని వెళ్లిపోవాలి.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇవన్నీ నేనే చెప్పాను. అమ్మ తల వంచుకుని విన్నది. చివరికి, "మొహం ముడుచుకోవడం మాత్రం నావల్ల కాదే బెథన్. మిగతావి చూద్దాం" అంది.

మా అమ్మ పేరు గ్లెనిస్ హార్‌గ్రీవ్స్. హారోబెక్ అనే మా ఊళ్లో, మా పేట బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండి వడ్డిస్తుంది. ఆ మే నెలలో ఆమె ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో అభ్యర్థి. ఆమె ఓడిపోవాలి. ఓడిపోకపోతే ఏమవుతుందో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇదంతా క్లైవ్ ఎంట్విజిల్ వల్ల వచ్చింది. క్లైవ్ ఒకప్పుడు బస్సు నడిపేవాడు; రిటైరయ్యాక మా పార్టీ వ్యవహారాలన్నీ నెత్తినేసుకున్నాడు. మా పేటలో మా పార్టీ గెలిచిన దాఖలా లేదు. అయినా ఓటు చీటీ మీద పార్టీ పేరు లేకపోతే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. అందుకని ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరిని పట్టుకుని పేరు అడుగుతాడు.

"పేరిస్తే చాలు గ్లెనిస్. ఇల్లిల్లూ తిరగక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. గెలుస్తావన్న భయం అసలే అక్కర్లేదు" అన్నాడు మా ఇంట్లో టీ తాగుతూ.

"ఇంకెవరూ దొరకలేదా?"

"పోయినసారి నుంచున్నాయన పోయాడు. చనిపోయాడని కాదు, స్పెయిన్ పోయాడు."

అమ్మ నవ్వింది. నవ్వితే ఇక కాదనలేదు. క్లైవ్ కళ్లజోడు పెట్టుకుని నామినేషన్ పత్రం చదవడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆగి, "నువ్వు కౌన్సిల్‌లో ఉద్యోగం చేయవుగా?" అన్నాడు.

"నేనా? నేను బడిలో కదా."

"అదేలే. అడగాలి కాబట్టి అడిగా. ఇక్కడ సంతకం పెట్టు."

ఇద్దరిలో ఎవరి మనసులోనూ కల్మషం లేదు. మా ఊళ్లో కౌన్సిల్ అంటే సంత వీధిలో గడియారం ఉన్న రాతి భవనం. అద్దాల వెనక కూర్చుని పన్ను బిల్లులూ, చెత్తడబ్బాల గురించి మందలింపులూ పంపే మనుషులు. కస్టర్డ్ గరిటె పట్టుకుని నిలబడే అమ్మ కౌన్సిల్ మనిషని అమ్మే అనుకోలేదు, ఇక వేరేవాళ్లు ఎందుకు అనుకుంటారు?

తర్వాత ఒక్కసారిగా అంతా తలకిందులైంది. మా పేట కౌన్సిలర్ రేమండ్ థ్రెల్‌ఫాల్, ఎప్పటినుంచో గెలుస్తూ వస్తున్న మనిషి, ఊరి ఈతకొలను మూసేయడానికి చెయ్యెత్తాడు. ఎముకలు కొరికే చలినీళ్ల కొలను అది. మా ఊళ్లో ఈత వచ్చిన ప్రతివాళ్లూ అందులోనే వణుకుతూ నేర్చుకున్నారు. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి జనం ఓటు చీటీ మీద థ్రెల్‌ఫాల్ కాకుండా ఇంకెవరున్నారని వెతకడం మొదలుపెట్టారు. ఇంకొక్క పేరే ఉంది. అది తమ పిల్లలకు అన్నం పెట్టే మనిషి పేరు.

క్లైవ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఓట్ల లెక్కింపు దగ్గర నేను కూడా ఉండాలని నియమాల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో కాలేజీలో చదివిన మొదటి మనిషిని నేను. అందుకని ఏ కాగితం వచ్చినా చదివి చెప్పడం నా పని. ఆ పుస్తకం కూడా బుద్ధిగా మొదటినుంచి చదివాను. అభ్యర్థుల అర్హతల దగ్గర ఆగి, ఆ పేజీ మళ్లీ చదివాను. కౌన్సిల్ దగ్గర జీతం తీసుకునేవాళ్లు, కౌన్సిల్ బడుల్లో పనిచేసేవాళ్లతో సహా, అదే కౌన్సిల్‌కు పోటీ చేయడానికి వీల్లేదు. అర్హత లేదని తెలిసీ ఉందని రాసిస్తే నేరం. పేరు వెనక్కి తీసుకునే గడువు అప్పటికే దాటిపోయింది.

అమ్మకు చదివి వినిపించాను. బంగాళాదుంపల చెక్కు తీస్తున్నదల్లా కత్తి కింద పెట్టింది.

"నాకు తెలియదని చెబితే?"

"తెలియక చేస్తే నేరం కాదంటోంది పుస్తకం."

"మరింకేం?"

నేను మా కరపత్రం తీసి చూపించాను. అందులో అమ్మ ఫొటో బడి వంటింట్లో తీసింది. ఏప్రన్ జేబు మీద కౌన్సిల్ గుర్తు, ఒక కోట, దాని కింద నది, స్పష్టంగా కనిపిస్తోంది. రోజూ తొడుక్కునే బట్ట కాబట్టి ఆమె దాన్నెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ బొమ్మ పేటలో ప్రతి గుమ్మంలోంచీ లోపలికి వెళ్లింది.

"గుండెల మీద పెట్టుకుని తిరుగుతూ తెలియదంటే ఎవరు నమ్ముతారే?" అంది అమ్మ. ఆ రోజు నుంచి ఆమెకు తిండి సయించలేదు. పోలీసులు బడికే వస్తారా, పిల్లల ముందే తీసుకెళతారా అని అడిగేది. అలా జరగదని చెప్పేదాన్ని గాని, నా గొంతు నాకే నమ్మబుద్ధయ్యేది కాదు. తలుపు సందులోంచి ఉత్తరం పడ్డ చప్పుడైతే ఇద్దరం లేచి నిలబడేవాళ్లం.

క్లైవ్‌కు చెబుదామన్నాను. "చెబితే మోయలేడు. ఎక్కడో నోరు జారతాడు. ఓడిపోతే అందరం మరిచిపోతాం" అంది. కొంచెం ఆగి మళ్లీ, "ఓడిపోకపోతే మాత్రం అక్కడే, మైకు ముందే చెప్పేస్తా. దాచుకుని ఆ కుర్చీలో కూర్చోలేను" అంది.

ఓడిపోవడం కూడా అంత సులువు కాదని మాకు త్వరగానే తెలిసింది. విన్నీ ఇంటికి వెళ్లి, బోర్డు తీసేయమనీ తనకు ఓటు వేయొద్దనీ అమ్మ ముఖం మీదే చెప్పింది.

"చూశావా, ఎంత అణకువో" అంది విన్నీ నాతో. "ఆ రేమండ్‌ అయితే తనకు తనే దండ వేసుకుంటాడు."

"నిజంగానే వద్దు విన్నీ. నాకు చేతకాదు."

"చేతకాదని ఒప్పుకునేవాళ్లు ఆ భవనంలో ఒక్కరైనా ఉండాలి తల్లీ. మా చెల్లెలి చేత కూడా వేయిస్తున్నా."

ఈతకొలను సంఘం వాళ్లు కరపత్రంలో పేరైతే వేయలేదు. 'మన పిల్లలకు అన్నం పెట్టిన చేతికి ఓటు వేయండి' అని వేశారు. అది పేరుకన్నా అధ్వాన్నం.

పోలింగ్ రోజున అమ్మా నేనూ ఓటు వేయడానికి మెథడిస్టు చర్చి హాలుకు వెళ్లాం. గుమ్మం బయట థ్రెల్‌ఫాల్ తన పార్టీ రిబ్బను పువ్వు కోటుకు గుచ్చుకుని నిలబడ్డాడు. ఎత్తైన మనిషి, మర్యాదస్తుడు.

"నమస్కారం గ్లెనిస్. మీ కరపత్రం చూశాను" అన్నాడు.

అమ్మ తల ఊపి గుమ్మం వైపు నడవబోయింది.

"ఫొటో బాగుంది. ఆ ఏప్రన్ మీకు బాగా నప్పుతుంది."

అంతే అన్నాడు. ఇంకెవరో వస్తుంటే అటు తిరిగాడు. అమ్మ నా మోచేయి పట్టుకుంది. ఆ వేళ్ల గుర్తులు చాలాసేపు ఉండిపోయాయి. లోపలికి వెళ్లి ఓటు వేసి వచ్చింది. ఎవరికని నేను అడగలేదు. ఇంటిదాకా "ఆయనకు తెలుసు" అన్న మాట తప్ప మరోటి అనలేదు.

మర్నాడు పొద్దున క్రీడామందిరంలో లెక్కింపు. బాడ్మింటన్ ఆడే గీతల మీద బల్లలు వేసి, గుమాస్తాలు చీటీలు విప్పి రెండు వైపులా పేరుస్తున్నారు. మేం చూడవచ్చు గాని ముట్టుకోకూడదు. అమ్మ కట్ట ఎత్తు పెరుగుతున్నకొద్దీ క్లైవ్ మొహం వెలుగుతోంది, అమ్మ మొహంలో రక్తం ఇంకిపోతోంది.

"భయపడకమ్మాయ్, మనమే లాగేస్తాం" అన్నాడు క్లైవ్ ఆమె భుజం తట్టి.

చివరికి ఎన్నికల అధికారిణి, పొట్టిజుట్టు సన్నటి ఆవిడ, మమ్మల్నీ థ్రెల్‌ఫాల్ వాళ్లనీ పక్కకు పిలిచింది. థ్రెల్‌ఫాల్‌కు ఒకే ఒక్క ఓటు ఎక్కువ. అమ్మ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. వారం రోజుల తర్వాత ఆమె పూర్తిగా ఊపిరి వదలడం అప్పుడే విన్నాను.

"మళ్లీ లెక్కపెట్టాలి" అన్నాడు క్లైవ్.

"వద్దులే క్లైవ్" అంది అమ్మ.

"వద్దంటావేంటి? ఒక్క ఓటు. ఒక్కటంటే ఒక్కటి. చెల్లవని తోసేసిన చీటీలు కూడా మళ్లీ చూపించండి."

ఎందుకు వద్దో చెప్పే వీలు లేదు. గుమాస్తాలు మళ్లీ మొదలుపెట్టారు. అమ్మ గోడ పక్కన బెంచీ మీద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మైకు ముందు ముందుగా ఏమనాలి? క్షమించండనాలా?" అని మెల్లగా అడిగింది. చదువుకున్నదాన్నే, ఒక్క వాక్యం అందివ్వలేకపోయాను.

లెక్క మారలేదు. ఇక తోసేసిన చీటీలు మిగిలాయి. అధికారిణి ఒక్కొక్కటే ఎత్తి చూపింది. ఒకదాని మీద ఏ గుర్తూ లేదు. ఇంకోదాని మీద ఇద్దరి పేర్ల మీదా అడ్డంగా బూతు. ఆ తర్వాతి చీటీలో అమ్మ పేరు ఎదురుగా గుర్తు చక్కగా ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాలతో, 'రెండోసారి అడిగినా కసరకుండా పెట్టేవారు. థాంక్స్ మిస్' అని రాసి ఉంది. పైన కుడిచేతి మూలన ఒక పేరు, ఇంటిపేరుతో సహా.

"ఓటరెవరో తెలిసేలా రాస్తే ఆ చీటీ చెల్లదు" అంది అధికారిణి.

"ఎవరికి వేశాడో అద్దంలా కనిపిస్తోంది కదండీ" అన్నాడు క్లైవ్. "సంతకం పెట్టినంత మాత్రాన మనసు మారిపోతుందా?"

"ఎవరికన్నది కాదు ఎంట్విజిల్‌గారూ. ఎవరన్నది."

"అదే పేరు ఇంకొకడికి ఉండొచ్చుగా ఊళ్లో?"

ఆవిడ చీటీ మళ్లీ కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ఆలోచిస్తోంది. ఆ చీటీ చెల్లితే ఇద్దరూ సమానం; అప్పుడు రెండు పేర్లు కవర్లలో వేసి ఒకటి తీస్తారు, ఏ పేరొస్తే వాళ్లు గెలిచినట్టు. థ్రెల్‌ఫాల్ చీటీకేసి చూడటం లేదు, అమ్మకేసి చూస్తున్నాడు.

అమ్మ కూడా భయం మరిచిపోయింది. ఆ పేరుకేసే చూస్తోంది.

"చెల్లదు" అంది అధికారిణి, చీటీ బోర్లా పెట్టి.

ఫలితం చదివారు. థ్రెల్‌ఫాల్ వచ్చి అమ్మకు చెయ్యి కలిపి, వంగి మెల్లగా అన్నాడు: "గెలిచి ఉంటే నేను చెప్పక తప్పేది కాదు."

"మీరు చెప్పక్కర్లేకుండా నేనే చెప్పేదాన్ని" అంది అమ్మ. "కొలను మాత్రం మూయకండి."

ఆయన తన పార్టీ వాళ్ల వైపు వెళ్లిపోయాడు. కొలను గొడవ ఈరోజుకీ తేలలేదు.

తిరిగి వస్తుంటే కారులో క్లైవ్‌కు అన్నీ చెప్పేసింది. అతను కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు. "నేనే అడిగాను కదా, ఆ ప్రశ్న" అన్నాడు. "నేనూ జవాబు చెప్పాను కదా" అంది అమ్మ. ఇంటికొచ్చాక ఇద్దరూ కడుపునిండా చేపా చిప్సూ తిన్నారు.

నేను ఆ చీటీ మీది పేరు గురించే ఆలోచిస్తున్నాను. "ఎవరమ్మా ఆ అబ్బాయి?" అన్నాను.

వీధి చివర టైర్లు మార్చే కొట్లో పనిచేస్తాడట. బడిలో ఉన్నప్పుడు సోమవారాలు అందరికన్నా ముందు వరసలో నిలబడేవాడట. శని ఆదివారాలు ఇంట్లో ఏం తినేవాడో ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం ఆ రోజు పళ్లెం నిండా వడ్డించేది. ఇది అతనికి మొదటి ఓటు. బడిలో ఏ కాగితమిచ్చినా పైన కుడిచేతి మూలన పేరు రాయమనేవారు, రాయకపోతే లెక్కలోకి రాదనేవారు. అందుకే రాసుంటాడంది అమ్మ.

లెక్కింపులో చూసింది బయట చెప్పకూడదు. అమ్మ ఇప్పటికీ రోజూ ఆ కొట్టు ముందునుంచే బడికి వెళుతుంది. అతను నల్లటి చేతులు తుడుచుకుంటూ, "ఒక్క ఓటుతో పోయింది మిస్, నేనైతే వేశాను" అంటాడు. "తెలుసు నాయనా" అంటుంది అమ్మ. అతని ఓటు ఆ కట్టలో లేదని అతనికి తెలియదు. అది లేకపోవడమే అమ్మను కాపాడిందనీ తెలియదు.

అందుకే అతని పేరు ఇక్కడ రాయలేదు. పేరు లేకుండానే, మీరు అతన్ని గుర్తుపెట్టుకోండి.