ఇంటికొక మెయిల్

చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగే గొంతుతోనే జగదీశ్ ఆ మాట కూడా అన్నాడు. "వసంతా, తంగేడుకు నన్ను లీడర్‌ను చేస్తుండ్రు. నలుగురూ నా పేరే రాసిండ్రు." వసంత చేతికింద జొన్నరొట్టె సగం తట్టి ఉంది, పెనం పొగలు కక్కుతోంది. దాన్నట్లా వదిలేసి మొగుడి మొహం చూసింది. నిజంగానే సంబరపడుతున్నాడు. ఆమెకు ఇంకా మండింది అందుకే.

ఈ తంగేడు ఒక సాఫ్ట్‌వేర్. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగును ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించేలా మార్చిపెడుతుంది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. బెంగళూరులో ఉండే సామ్యూల్ మొదలుపెట్టినప్పుడు ఇరవై మంది ఎగబడ్డారు, తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఇప్పుడు వాళ్ల గుంపు మెయిల్‌కు మూడు నెలలకొక ఉత్తరం వస్తే గొప్ప. ఇక తనవల్ల కాదనీ, ఆదివారంలోగా ఎవరూ బాధ్యత తీసుకోకపోతే మూసేస్తాననీ సామ్యూల్ రాశాడు. మిగిలిన నలుగురూ ఆలోచించారు. మూడేళ్లుగా తప్పులు దిద్దిందెవరు, అడిగినవాళ్లకు జవాబిచ్చిందెవరు? నాగర్‌కర్నూల్ జగదీశ్ గారు.

జగదీశ్ గారు ఒక్క అక్షరం దిద్దిన పాపాన పోలేదు. బస్టాండు ఎదురుగా వాళ్ల డీటీపీ షాపులో, మధ్యాహ్నం ఆయన కునుకు తీసేవేళ, జిరాక్సులకు ఎవరూ రానివేళ, వసంత దిద్దింది. 2005లో షాపు తెరిచినప్పుడు తనకూ ఒక మెయిల్ కావాలంటే, "ఇంటికొక మెయిల్ చాలదా?" అన్నాడు. రేషన్ కార్డు ఒకటి, గ్యాసు బుక్కు ఒకటి, మెయిలూ ఒకటే. అప్పుడు వసంతకు కూడా అది సబబుగానే తోచింది, ఏం మాయరోగమో! ఆనాటి నుంచి ప్రతి ఉత్తరం కిందా ఆయన పేరే. 'జగదీశ్ గారూ, మీరు దేవుడండీ' అని ఒకాయన రాస్తే నవ్వుకుంది కూడా. పైసా రాని పనికి కరెంటు కాలుస్తున్నావని ఆ దేవుడు ఆ సాయంత్రమే గొణిగాడు.

ఇప్పుడు మాత్రం, "పని నువ్వు చెయ్యి, పేరు నాది ఉంటది. ఇంట్ల అంతా ఒకటే గద," అని చెప్పులేసుకుని షాపుకు పోయాడు.

అత్త ఎంకమ్మ గడప పక్కన కూచుని రొట్టె తుంచుకుంటోంది. కోడలు షాపుకు పోయి ఆ కంప్యూటర్ డబ్బా ముందు కూచుంటుందంటే మూతి ముడుచుకునే మనిషే. అయినా సంగతేందని అడిగింది. వసంత చెప్పింది. ఎంకమ్మ చేతిలో రొట్టె పక్కన పెట్టింది. సర్పంచు పదవి ఆడవాళ్లకని రిజర్వేషన్ వచ్చినప్పుడు వీపనగండ్ల దగ్గర వాళ్ల ఊరికి ఐదేళ్లు సర్పంచు ఆమే.

"ఊరంత మీ మామనే సర్పంచ్ సాబ్ అంటుండె," అంది ఎంకమ్మ. "పంచాయితీల ఆ కుర్చీ దినాం నేనే తుడుస్తుంటి. ఒక్కనాడు గూడ దాంట్ల కూసోలె."

"ఎందుకు కూసోలేదు అత్తమ్మా?"

"ఎవ్వరు కూసో అనలే. నేను గూడ అడగలే."

వసంత షాపుకు వెళ్లేసరికి జగదీశ్ కొత్త పని సిద్ధంగా పెట్టాడు. తనకు విజిటింగ్ కార్డు కావాలి, పేరు కింద 'తంగేడు లీడర్' అని పెద్దక్షరాల్లో ఉండాలి. ఆ కార్డు కొట్టిపెట్టాల్సింది కూడా వసంతే! సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె కార్డు తెరవలేదు. కుర్చీలో కూచుని తన పేరుతో ఒక మెయిల్ తెరిచింది. మొదటి గడిలో 'వసంత' అని కొట్టుకుంటుంటే పరాయి పేరు కొడుతున్నట్టనిపించి సిగ్గేసింది. తర్వాత గుంపుకు రాసింది. ఈ మూడేళ్ల పని నాది, జగదీశ్ నా భర్త. మీరు ఒప్పుకుంటే తంగేడును నేను చూసుకుంటాను. కానీ దాని తాళం, అంటే పాస్‌వర్డు, ఒక్కరి దగ్గరే ఉండొద్దు, ఇద్దరి దగ్గర ఉండాలి. ఎవరు దిద్దితే వాళ్ల పేరే పడాలి.

వెనక నిలబడి చదివిన జగదీశ్ మొహం మాడింది. "నీ పేరు ఆడ ఎవరికి తెల్సు? ఉత్తగ పరేషాన్ అయితవు."

"ఎవరికీ తెల్వదు. అందుకే రాస్తున్న."

అన్నదేగానీ పంపే బటన్ మీదికి వేలు పోలేదు. మోసమనుకుంటే? నమ్మకపోతే? ఆదివారం దాటితే తంగేడే ఉండదు. ఈయన పేరుమీదైనా బతకనీ అనిపించింది. తన పిచ్చి మీద తనకే కోపమొచ్చింది.

అంతలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఎంకమ్మ మెట్లెక్కింది. షాపుకు ఆమె రావడం ఇదే మొదలు. అత్త నిలబడి ఉంటే కోడలు కూచోదు ఆ ఇంట్లో. ఎనిమిదేళ్ల అలవాటుకొద్దీ వసంత దిగ్గున లేవబోయింది.

ఎంకమ్మ డబ్బా కొడుకు చేతిలో పెట్టింది. వచ్చి కోడలి భుజం మీద చెయ్యేసి కిందికి ఒత్తింది.

"లేవకు బిడ్డా," అంది. "కూసో."

వసంత కూచుంది. కూచుని, పంపింది.