మంచం పట్టెకు కట్టిన సీసా

నేను ఒక మూత్రం పట్టే ప్లాస్టిక్ సీసాను. ముక్కు మూసుకోకండి, శుభ్రంగా కడిగే ఉన్నాను. మా ఫ్యాక్టరీలో పక్క మిషను మీద పుట్టినవన్నీ మంచినీళ్ల సీసాలు. వాటిని చుట్టాల ముందు పెడతారు, నన్ను దుప్పటి చాటున దాస్తారు.

సూర్యాపేట మందుల దుకాణంలో నన్ను పాత పేపర్లో చుట్టి అండాలు అనే ఆమె చేతికిచ్చారు. ఆమె పెనిమిటి మల్సూరు కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీంచి పడి, మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. కాళ్లు చచ్చుబడ్డాయి, చేతుల్లో కాస్త సత్తువ మిగిలింది. చెట్టుకు కల్లు లొట్టి కట్టినట్టే, చెట్టెక్కే పాత మోకు తాడు ముక్కతో నన్ను మంచం పట్టెకు తానే కట్టుకున్నాడు.

రాత్రంతా మాకు జాగారమే. మాటిమాటికీ ఉలిక్కిపడి లేచి నన్ను లాక్కునేవాడు. ప్రతిసారీ అండాలు లేచి పారబోసి వచ్చేది. అది చూసి సిగ్గుతో చితికిపోయి ఒకనాడు అన్నాడు.

"నువ్వు ముందటర్రల పండుకోవే. నీ నిద్ర ఖరాబైతాంది."

"నేనేమన్న అన్ననా?"

"అనకున్నా నాకెర్కనే."

ఆమె చాప తీసుకుని ముందు గదిలోకి వెళ్లిపోయింది. అతను పొద్దుగూకాక నీళ్లు తాగడం మానేశాడు. నాలుక పిడచకట్టింది గానీ నేను నిండడం మాత్రం తగ్గలేదు.

అసలు సంగతి నాకు తెలుసు. గురక పెడుతూ పెడుతూ అతని ఊపిరి ఆగిపోయేది. అతన్ని లేపేది ఆ ఆగిన ఊపిరి. నిందేమో నా మీద. నిద్రలో ఉన్నవాడికి అది తెలియదు, వినగల ఒక్క మనిషినీ తానే అవతలికి పంపేశాడు. చెప్పడానికి నాకు నోరేది? ఈసారి ఊపిరి తిరిగి రాదేమోనని బిక్కుబిక్కుమంటూ వినేదాన్ని.

ఓ రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ల హోరు ఆగింది. ముందు గదిలోకి గురక వినిపించింది, ఉన్నట్టుండి తెగిపోయింది. అండాలు పరుగున వచ్చి అతని భుజాలు కుదిపింది.

"ఏమయ్యో! ఊపిరి దీస్కోవయ్యా!"

అతను గుక్క తిప్పుకుని, అలవాటుగా నా కోసం చెయ్యి చాచాడు.

"డబ్బా ఏందయ్యా, నీ పానమే నిలుస్తలేదు!" అని ఆమె బావురుమంది.

పట్నం డాక్టరు పరీక్ష చేయించి, ముక్కుకు తొడుక్కునే గాలి మిషను రాసిచ్చాడు. నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటే ఒంట్లో మూత్రం కూడా ఎక్కువ తయారవుతుందట.

ఇప్పుడు అండాలు మళ్లీ అతని పక్కనే పడుకుంటోంది. ఇద్దరూ ఆదమరిచి నిద్రపోతారు. చాలా రాత్రులు తెల్లారేదాకా నన్నెవరూ తాకరు. నేను ఖాళీగా ఉంటేనే ఆ ఇంటికి మేలు. అది తెలిసి కూడా, చీకట్లో అతని చెయ్యి కోసం చూస్తూ ఉంటాను.