కాటుకకు రాని మసి

రెండువేల మూడు చలికాలంలో సత్యమ్మ కూతురు సింధుజకు ఆయాసం ముదిరింది. ఏడేళ్ల పిల్ల, నాలుగు మెట్లెక్కితే చాలు పిల్లికూతలు. బాన్సువాడ దవాఖానలో పొగ తగలనీయొద్దన్నారు. చూస్తే ఇంటి వెనకే తమ్ముడు భూమేశ్ బెల్లం బట్టి. సత్యమ్మ ప్రాణం గుప్పిట్లోకి వచ్చింది. పిల్ల నిద్రలో దగ్గినా భయమే, దగ్గకపోయినా భయమే. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

"బట్టిల టైర్లు కాలుస్తున్నవంట గద తమ్మీ?"

"మందికేం పనిలేదక్కా. చెరుకు పిప్పి తప్ప ఇంకోటి ఎయ్య. ఇగో!" భూమేశ్ మేనకోడలి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

అమ్మ పోయాక తాను చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. సత్యమ్మ నమ్మింది. టైర్ల మాట ఎత్తిన పక్కింటి మోతీబాయితో మాటలే మానేసింది.

నెల తిరక్కముందే పొగల మీద పరిశోధన అంటూ ప్రియదర్శిని అనే పట్నం పిల్ల వచ్చి, వీళ్ల డాబా మీద గాజుపలకలు పెట్టింది. వారానికల్లా వాటి నిండా మసి.

"కొత్త మసి పూసలు గుచ్చిన దారంలా ఉంటుందమ్మా. తేమ, జిడ్డు పట్టాక ముడుచుకుని ఉండలా అవుతుంది. అప్పుడు ఎండను ఇంకా ఎక్కువ తాగుతుంది. పైన గాలి వేడెక్కుతుంది, కింద ఎండ తగ్గుతుంది. మబ్బులు, వానలు తారుమారు కావచ్చు. ఎంతవరకో చూస్తున్నాం."

"నెయ్యి తగిలితే కాటుక నల్లబడ్డట్టా బిడ్డా?"

"మా సారు కూడా ఇంత సులువుగా చెప్పలేదమ్మా!"

సత్యమ్మకు నవ్వు రాలేదు. వానలు పోతే చెరుకేం కావాలి, పిల్లలేం కావాలి? అలా అనుకుంటూనే పలక మీది మసి గోటితో గీకి, ఆముదం దీపం మసికి చేసినట్టే అరచేతిలో నెయ్యి వేసి రంగరించింది. కాటుక మసి వేలికి వెన్నలా జారుతుంది. ఇది గరగరలాడింది. వాసన చూసింది. కాలిన రబ్బరు.

ఒక్క పరుగున బట్టి దగ్గరికి పోయింది. పిప్పి కుప్ప పక్కకు తోస్తే, కింద లారీ టైర్ల ముక్కలు.

"మంచుకు పిప్పి ఆరలేదక్కా. మంట తగ్గితే పాకం ఖరాబైతది. తెల్లారకముందు జెరన్ని ఏసిన, గంతే."

"బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్తివి గదరా!"

అబద్ధపు ఒట్టు ఎవరి తల మీద వేస్తే వాళ్లకే తగులుతుందని అమ్మ అనేది. ఈ నెల రోజుల ఆయాసం పొగదా, ఒట్టుదా?

"ముందుగాల ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు" అని ఇంటికి మళ్లింది.

భూమేశ్ వెంటపడి వచ్చాడు. "తీస్తనే అక్కా, ఫికర్ జెయ్యకు. ఇగ ఒక్క ముక్క ఎయ్య, సింధు మీద ఒట్టు" అంటూ, గడపలో కూర్చున్న పిల్ల వైపు చెయ్యి చాచాడు. మామ చెయ్యే కదా అని పిల్ల తల వంచింది.

సత్యమ్మ పిల్లను వెనక్కి లాక్కుంది. అరచేతిలోని మసి గౌను భుజానికి నల్లగా అంటుకుంది.

"చెయ్యి తియ్యి" అంది. తమ్మీ అనలేదు.