గంజి పెట్టిన కరాటే డ్రెస్సు

కరాటే అంటే కొట్లాటే కదా అనుకొని ఈదమ్మ మొదట్లో మనవరాలిని ఏమీ అనలేదు. కొత్తకోటలో ఆడపిల్లకు నాలుగు దెబ్బలు వేయడం వస్తే మంచిదే అనుకుంది. తీరా ఒకనాటి సాయంత్రం ఫంక్షన్ హాలు వెనక జాగాలో పిల్లలు నేర్చుకుంటుంటే చూడబోయి ముక్కున వేలేసుకుంది. అందులో రెండు రకాలట. ఒకటి కుమితే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు గానీ, గట్టిగా తగిలిందో, కొట్టినవాడిదే తప్పు. రెండోది కటా. అందులో అసలు ఎదుట మనిషే ఉండడు. ముందుకు రెండడుగులు, వెనక్కి తిరిగి ఒక గుద్దు, పక్కకు ఒక తన్ను, మధ్యలో ఒక పెడబొబ్బ, అన్నీ ఎప్పుడో ఎవరో కట్టిపెట్టిన వరుసలోనే. మనవరాలు రూప నేర్చుకుంటున్నది ఈ రెండోదే.

"గాలితోటి కొట్లాటకు మళ్ల సారెందుకే?" అని ఈదమ్మ దారి పొడుగునా అడుగుతూనే వచ్చింది. ఆమెకు కోపం రావడంలోనూ న్యాయం ఉంది. తన కాలంలో బోరింగు దగ్గర బిందెలతో ఆమె గెలిచిన యుద్ధాలకు ఏ రంగు బెల్టూ ఎవరూ కట్టలేదు.

రూపకు మాత్రం కరాటే అంటే ప్రాణం. సర్కారు బడిలో ఆడపిల్లలకు మూడు నెలలు నేర్పి ఊరుకుంటే, మిగతావాళ్లు హమ్మయ్య అనుకున్నారు, ఈ పిల్ల నేర్పిన పరశురాం సారు వెంట పడి ఆకుపచ్చ బెల్టు దాకా వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి అయిపోవచ్చింది. తండ్రి బెంజమిన్ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు, మాట మీద నిలబడే మనిషి. మహబూబ్‌నగర్‌లో జరిగే ఉమ్మడి జిల్లా పోటీల్లో ఫస్టు వస్తే కరాటే సాగనిస్తానని, రాకపోతే బెల్టు దండెం మీద వేసి పదో తరగతి పుస్తకాలు పట్టాలని తేల్చేశాడు.

పోటీకి మూడు రోజుల ముందు రూప ఏడుస్తూ ఇంటికి వచ్చింది. పరశురాం సారు అందరి ముందూ అన్నాడట: "అడుగులన్నీ సక్కగున్నయ్ బిడ్డా. కని నీ ముంగట ఎవలూ లేరు. కటాల దుష్మన్ కండ్లకు కనబడాలె." లేనివాడు ఎలా కనబడతాడో రూపకు అర్థం కాలేదు. బాగా ఆలోచించి తప్పంతా డ్రెస్సు మీద వేసింది. పట్నం పిల్లల డ్రెస్సులు మందమైన గుడ్డవి, గుద్దు విసిరితే ఫట్టుమంటాయి. తనది ఉతికి ఉతికి దోమతెర అయిపోయింది, ఎంత విసిరినా చప్పుడు రాదు.

లేని దుష్మన్‌ను తేవడం ఈదమ్మ వల్ల కాదు గానీ, తెల్లబట్టకు బిర్రు తేవడం ఆమె చేతిలో పని. ఆ ఊరి చర్చిలో ఆమె గంజికి పేరుంది. ఆమె గంజి పెట్టిన చొక్కా వేసుకున్న ఆదివారం పాస్టరుగారు మెడ తిప్పలేక, ఆడవాళ్ల వైపు చూడాలంటే మనిషి మొత్తంగా తిరిగేవారు. ఈ గంజి పిచ్చికి ఒక కారణం ఉంది. ఈదమ్మ చిన్నతనంలో ఇంట్లో గంజి బట్టలకు మిగిలేది కాదు, కడుపుకే చాలేది కాదు. బెంజమిన్‌కు నౌకరి వచ్చిన నెలలో ఆమె మొదట చేసిన పని, గిన్నెడు గంజి కాచి కొడుకు చొక్కాకు పెట్టడం. ఆ చొక్కా దండెం మీద కర్రలా నిలబడితే చూసి ఏడ్చింది. అప్పటినుంచి గంజి దగ్గర ఆమె చెయ్యి వెనక్కి లాగదు.

ఈసారి మరీ లాగలేదు. బియ్యం గంజిలో సగ్గుబియ్యం కలిపి చిక్కగా కాచి, వడగట్టి, డ్రెస్సును ముంచి ఆరేసింది. ఆరాక తట్టి చూసి, చాలదనిపించి మళ్లీ ముంచింది. మూడోసారి ఎందుకు ముంచిందో ఆమెకే తెలియదు. ఇస్త్రీ అయ్యాక చూస్తే చొక్కా గోడకు ఆనుకొని తనంతట తాను నిలబడింది. మడతపెడితే విరుగుతుందేమోనని మడవలేదు.

అందుకని మహబూబ్‌నగర్ బస్సులో డ్రెస్సుకు కూడా ఒక సీటు కావలసి వచ్చింది. ప్యాంటు కూర్చున్నట్టు వంచి, దానిపైన చొక్కాను ఆనించి, కిటికీ పక్కన పెట్టింది ఈదమ్మ. కండక్టరు అవ్వకూ మనవరాలికీ ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు కొట్టి, మూడో సీటు దగ్గర ఆగాడు.

"గీమె ఎవలవ్వా?"

"మాతోనే సారూ. ఆడమనిషే. ఆధార్ ఇంక రాలె."

ఇండోర్ స్టేడియం పైకప్పు రేకులది, ఎండలేమో ఏప్రిల్‌వి. పోటీలో ఇద్దరిద్దరు పిల్లలు, ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం, ఒకరి తర్వాత ఒకరు కటా చేస్తే, ఐదుగురు జడ్జీలు నచ్చినవాళ్ల రంగు జెండా ఎత్తుతారు. రూప డ్రెస్సు తొడుక్కుని బయటికి వస్తే చేన్లో దిష్టిబొమ్మ నడిచి వచ్చినట్టుంది. మోచెయ్యి వంగదు, మోకాలు వంగదు. కానీ మొదటి గుద్దు విసరగానే దీపావళి టపాసు పేలినట్టు ఫట్టుమంది. కునుకు తీస్తున్న జడ్జి ఒకాయన ఉలిక్కిపడి జెండా ఎత్తబోయాడు. ఆ చప్పుడుకు బెదిరి పోటీ పిల్ల తన వంతు వచ్చేసరికి వరుసే మరిచిపోయింది. అలా రెండు రౌండ్లు దాటి రూప ఫైనల్‌కు వచ్చింది. పైన మెట్ల మీద కూర్చున్న ఈదమ్మకు గాలితో కొట్లాట మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది.

ఫైనల్‌లో ఎదురు పడింది మహబూబ్‌నగర్ పిల్ల ప్రణీత. ఆమె సారు కృష్ణకాంత్ మొదలుకాకముందే అడ్డం పడ్డాడు. ఆ డ్రెస్సులో ఏదో ఉందని, ప్లాస్టిక్ అట్టలు కుట్టారని ఫిర్యాదు చేశాడు. పెద్ద జడ్జి సుహాసిని మేడం వచ్చి చొక్కా చేతి అంచును గోటితో గీకి, వాసన చూసి, ఏం పెట్టారని అడిగింది. ఈదమ్మ మెట్లు దిగి వచ్చి గంజి అని చెప్పింది. కృష్ణకాంత్ నవ్వాడు. గంజి పెట్టి గెలవడం ఎక్కడైనా ఉందా అన్నాడు.

ఆ నవ్వు ఈదమ్మకు తగలరాని చోట తగిలింది.

"సారూ, నా చిన్నప్పుడు గీ గంజి కోసం పటేలు దొడ్లె ముంత పట్టుకొని నిలబడ్డ. గిప్పుడు నా ఇంట్ల మిగిలింది. మనుమరాలి అంగికి పెట్టుకున్న. గిందుల తప్పేముంది?"

కృష్ణకాంత్ నవ్వు ఆపేశాడు. మేడం రూల్సు పుస్తకం తిరగేసింది. చప్పుడు కోసం చేత్తో డ్రెస్సును కొట్టుకోవడం తప్పని ఉంది గానీ, డ్రెస్సు దానంతట అది అరిస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఆడుకోనివ్వమంది. అయితే ఈ తతంగానికి అరగంట పట్టింది. ఆ అరగంటా రూప రేకుల కింద నిలబడి చెమటలో తడిసి ముద్దయింది, ఆమెతోపాటు గంజీ తడిసింది.

ప్రణీత కటా చక్కగా, నున్నగా చేసింది. తర్వాత రూప వంగి దండం పెట్టి మొదటి అడుగు వేయబోయింది. అడుగు పడలేదు. ప్యాంటు కాళ్లు రెండూ బంకలా ఒకదానికొకటి అంటుకున్నాయి. చెయ్యి ఎత్తబోతే చొక్కా చెయ్యి పక్కటెముకలకు అతుక్కుంది. పైనుంచి చూస్తున్న ఈదమ్మకు పిల్ల బెల్టును దండెం ఎక్కించింది బెంజమిన్ కాదు, తానే అనిపించింది.

రూపకు అప్పుడు వచ్చింది కోపం. పళ్లు బిగబట్టి మోకాలు పైకి లాగితే పర్రుమని ప్యాంటు కాళ్లు విడివడ్డాయి. విడిపించుకున్న చేత్తోనే గుద్దింది. తిరిగితే చొక్కా మెడకు చుట్టుకోబోయింది, దాన్ని మోచేత్తో ఒక్కటి పొడిచింది. వెనక కాలు వదలకపోతే తన్ని వదిలించుకుంది. కళ్లు నిప్పులైనాయి. కేక వేయాల్సిన చోట ఎప్పుడూ పిల్లి కూనలా అరిచే పిల్ల, కడుపులోంచి ఎంత కేక వేసిందంటే రేకుల మీది పావురాలు లేచిపోయాయి. ఒక్క అడుగూ వరుస తప్పలేదు. అయినా ప్రతి అడుగూ ఎవరినో తన్నినట్టే ఉంది.

"కనబడ్డడు," అన్నాడు పరశురాం సారు. "పోరికి దుష్మన్ కనబడ్డడు."

ఆ దుష్మన్‌ను సగ్గుబియ్యం వేసి కాచింది తనేనని ఈదమ్మ ఆయనకు చెప్పలేదు.

మూడు ఎర్ర జెండాలు లేచాయి, రెండు నీలివి. ఎరుపు రూపది. ఈదమ్మ ముందు ఏడ్చి, తర్వాత బెంజమిన్‌కు ఫోన్ చేసి, ఇగ నోరు మూసుకోమని చెప్పి పెట్టేసింది.

తిరుగు బస్సులో అదే కండక్టరు. రూప మెడలో పతకం చూసి మురిసి, జీరో టికెట్లు కొట్టి, కిటికీ పక్క ఖాళీ సీటు వైపు చూశాడు.

"పొద్దుగాల మీతోని వచ్చినామె ఏదవ్వా?"

ఈదమ్మ ఒళ్లో సంచి తెరిచి, అందులో ముద్దగా పడి ఉన్న డ్రెస్సును చూపించింది.

"ఇగో, సారూ. మా పిల్ల కొట్టి పండవెట్టింది."