ఒక స్టాప్ తక్కువ

“సంచిలో చేతులు పెట్టుకుని కూర్చోడం కూడా ఒక ఉద్యోగమేనటే?” అని అత్తగారు అడిగి తొమ్మిదేళ్లయింది. జవాబు చెప్పడానికి ఆమెకు ఇప్పటికీ తీరిక దొరకలేదు.

సంచి నల్లది. రెండు పొరలు, రెండు జిప్పులు. మోచేతుల దాకా అందులో దూర్చి, లోపలే డబ్బా మూత తీసి, నాలుగువందల అడుగుల ఫిల్మును తడుముకుంటూ కెమెరా నెత్తిన కూర్చునే పెట్టెలోకి ఎక్కించాలి. ఆ పెట్టెను మ్యాగజైన్ అంటారు. రవ్వంత వెలుతురు దూరినా అందరి కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చేతులకు నూనె, క్రీము ఉండకూడదు, మరక పడుతుంది. పొద్దున్నే గిన్నెలు తోమి వచ్చిన వేళ్లు పగిలి ఉంటాయి. వాటికేదైనా రాసుకోవాలంటే ఆదివారం రావాలి. ఆదివారం బట్టలుతకాలి.

షూటింగులో ఆమెను సంచమ్మ అంటారు. కెమెరామన్ ఆమె భర్తే. ఏ సీనుకు ఏ ఫిల్ము కావాలో చూసేది, సీనంతా ఒకే బ్యాచ్ వాడేలా డబ్బాలు ఏరేది, రిపోర్టు రాసేది ఆమె. “మా ఆవిడ నాకు సాయం చేస్తుంటుంది,” అని అతను అందరికీ చెబుతాడు. సాయం అనే మాటకు ఆ ఇంట్లో విలువ ఎక్కువ. ఒకసారి అతను తాగిన గ్లాసు అతనే కడుక్కుంటే, “నా కొడుకు పెళ్లానికి ఎంత సాయమో,” అని అత్తగారు ముగ్గురికి ఫోన్ చేసి చెప్పింది.

ఆ రోజు పొద్దున షూటింగు గదిలో. ఐదువందల స్పీడు ఫిల్ము. మధ్యాహ్నం ఆరుబయట, రెండువందల యాభై. స్పీడు సగమైతే వెలుతురు రెట్టింపు ఇవ్వాలి, ఆ తేడానే ఒక స్టాప్ అంటారు. అందుకు లైట్ మీటర్లో అంకె మార్చాలి. ఆమె మ్యాగజైన్ మీద తెల్ల టేపు అంటించి 250 అని రాసింది. అందిస్తూ నోటితో కూడా చెప్పింది.

“రెండువందల యాభై ఎక్కించాను. మీటరు మార్చారా?”

“కెమెరా పని నువ్వు నేర్పుతావా నాకు?”

లైట్లవాళ్లు నవ్వారు. ఆమె మళ్లీ చెప్పలేదు. మళ్లీ చెబితే సాధింపు, చెప్పకపోతే నిర్లక్ష్యం. ఈ రెంటికీ మధ్య కాలు పెట్టే చోటెక్కడో పెళ్లయిన నాటి నుంచీ వెతుకుతూనే ఉంది.

నాలుగు రోల్సు అయ్యాక, మీటరు ఇంకా ఐదువందల మీదే ఉందని అతనే చూసుకున్నాడు. ఆ ఒక్క పూటకే వచ్చిన ముసలి నటుడు అప్పటికే వెళ్లిపోయాడు. ప్రొడక్షన్ మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

“మా ఆవిడ ఫిల్ము మార్చి ఎక్కించేసిందండీ,” అన్నాడు భర్త. “ఇంటిపనితో పరధ్యానం. రేపట్నుంచి ఇంట్లోనే ఉంటుందిలెండి, వేరే మనిషిని పెట్టుకుందాం.”

“ఇంటి ధ్యాస ఇంట్లో వదిలేసి రావాలి కదమ్మా,” అన్నాడు మేనేజర్.

“ఆడలేక మద్దెల ఓడు,” అని కెమెరా ఫోకస్ సరిచేసే పెద్దాయన గొణిగాడు. గట్టిగా అనలేదు. ఆయనకూ రేపు పని కావాలి.

వ్యాను వెనక భర్త గొంతు తగ్గించాడు. “నాలుగు డబ్బాల మీదా ‘ఒక స్టాప్ పుష్’ అని రాసెయ్. ల్యాబువాళ్లు ఇంకాసేపు కడుగుతారు, బొమ్మ నిలబడుతుంది. రిపోర్టులో కారణం దగ్గర నీ పొరపాటని రాయి. నీకు పోయేదేముంది? నా పేరు పోతే ఇద్దరం రోడ్డున పడతాం. ఇంతకుముందు రాయలేదా ఏంటి?”

రాసింది. అతను ఫిల్టరు మరిచిపోయిన రోజు రాసింది, కెమెరాలో ఫిల్ము నడిచే గేటు తుడవని రోజు రాసింది. లోడరంటే ఫిల్ము ఎక్కించే తనే. ‘లోడర్ పొరపాటు’ అని రాసీ రాసీ ఆ రెండు మాటలూ ముత్యాల్లా వచ్చేవి. ఇల్లు గడవాలి కదా అనుకుంది. తన పేరు చెడితే తనకు ఇంకెవరూ పనివ్వరని అప్పుడు తోచలేదు. తోచినా, తనకు వేరే పనెందుకు అనుకుని ఉండేది. ఈ డబ్బాల మీద ‘నార్మల్’ అని రాసి పంపిస్తే చాలు, బొమ్మ చీకట్లో వస్తుంది, ఈయనగారి పనితనం లోకానికి తెలుస్తుంది. పెన్ను ‘నా’ దాకా వెళ్లింది కూడా. కానీ ఎండలో ఆ ముసలాయన ఏడుసార్లు మెట్లెక్కి దిగాడు. ఫిల్ము చేసిన తప్పేముంది?

అక్షరం కొట్టేసింది. నాలుగు డబ్బాల మీదా ‘ఒక స్టాప్ పుష్’ అని రాసింది. తర్వాత రిపోర్టు తీసింది. ‘ఫిల్ము 250. మీటరు 500 మీద ఉంచింది కెమెరామన్. లోడర్ ముందే చెప్పింది.’ కింది కాపీల మీద కూడా పడేలా నొక్కి రాసి, సంతకం పెట్టి, ఆఫీసు కాపీ చింపి మేనేజర్ చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు చదివి ఆమె భర్త వైపు చూశాడు.

“పిచ్చెక్కిందా నీకు? రేపు ఇంట్లో అమ్మకేం చెప్పను?” అన్నాడు భర్త.

“రేపు ఇంట్లో మీరే ఉంటారుగా, నెమ్మదిగా చెప్పండి. నాకు పొద్దున ఆరింటికి షూటింగు వ్యాను,” అంది.